మొదటి జవాబు రాయకముందే: పన్ను నోటీసు, వకీలు సాయం

మీ మేనమామ ఊళ్లో రెండెకరాల పొలం అమ్మారనుకుందాం. ధర 60 లక్షలు. దస్తావేజులోనూ అంతే రాశారు. అందులో 48 లక్షలు బ్యాంకు ద్వారా వచ్చాయి, 12 లక్షలు బయానాగా నగదు రూపంలో చేతికందాయి. ఇంట్లో అప్పటికే నాలుగైదేళ్ల పంట డబ్బు 8 లక్షలుంది. ఆ 12, ఈ 8 కలిపి 20 లక్షలు ఒకేసారి సేవింగ్స్ ఖాతాలో వేశారు. కూతురి పెళ్లి చేశారు, అప్పులు తీర్చారు. సేద్యం తప్ప వేరే ఆదాయం లేని మనిషి కనుక రిటర్ను వేయాలన్న ఆలోచనే రాలేదు.

దాదాపు మూడేళ్ల తర్వాత ఆదాయపు పన్ను శాఖ నుంచి నోటీసు వచ్చింది. ఎవరి ఈమెయిల్‌కు? పాన్ కార్డు చేయించిన రోజున నెట్ సెంటర్ కుర్రాడు ఫారంలో నింపిన తన సొంత ఈమెయిల్‌కు. ఆ కుర్రాడు ఆ నోటీసు చూసి మామయ్యకు ఫోన్ చేసి, “ఏముంది పెదనాన్నా, పొలం అమ్మిన డబ్బని ఒక లైను రాసి పంపిద్దాం” అన్నాడు. పంపించేశాడు కూడా.

ఆ ఒక్క లైను వల్ల ఎంత నష్టం జరగగలదో, దాన్ని ఎలా ఆపవచ్చో ఈ వ్యాసంలో నిదానంగా చూద్దాం. పన్ను సమస్యలో వకీలును పెట్టుకోవాలా వద్దా, పెట్టుకుంటే ఎప్పుడు, ఎలాంటివారిని, ఎంతవరకు అన్న ప్రశ్నలకు జవాబు అందులోనే ఉంది.

ముందుగా ఒక సంగతి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025లో చేసిన కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు సంవత్సరాల లెక్కలకు మాత్రం పాత చట్టమే వర్తిస్తుంది. ఇప్పుడు నడుస్తున్న వివాదాల్లో ఎక్కువ భాగం ఆ పాత సంవత్సరాలవే కాబట్టి ఇక్కడ చెప్పే సెక్షన్ నంబర్లు పాత చట్టంలోవే.

నోటీసులన్నీ ఒకటి కావు

పన్ను శాఖ పేరు చూడగానే గుండె దడదడలాడడం సహజం. అయితే వచ్చే కాగితాల్లో చాలా భాగం పెద్ద ప్రమాదం లేనివి. కాగితం పైన ఏ సెక్షన్ రాసి ఉందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

143(1) అని ఉంటే అది మీ రిటర్నును బెంగళూరులోని కేంద్రం కంప్యూటర్ మీద సరిచూసి పంపిన సమాచారం. లెక్కలో తేడా, టీడీఎస్ సరిపోలకపోవడం వంటివి అందులో ఉంటాయి. 139(9) అంటే రిటర్నులో లోపం ఉంది, సాధారణంగా 15 రోజుల్లో సరిచేయమని అర్థం. ఆర్డరులో కంటికి కనిపించే పొరపాటు ఉంటే 154 కింద సవరణ కోరవచ్చు. వీటికి వకీలు అక్కరలేదు. మనవాళ్లు ‘ఆడిటర్ గారు’ అని పిలిచే చార్టర్డ్ అకౌంటెంటు చాలు. లెక్క తెలిసినవారు తామే చేసుకోవచ్చు కూడా.

143(2) అని ఉంటే మీ రిటర్నును వివరంగా పరిశీలించడానికి తీసుకున్నారన్నమాట. 148ఎ అంటే, మీరు చూపని ఆదాయం ఉన్నట్టు శాఖకు సమాచారం అందింది, పాత సంవత్సరాన్ని తిరిగి ఎందుకు తెరవకూడదో చెప్పమని అడుగుతున్నారని అర్థం. మామయ్యకు వచ్చింది ఇదే. సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 10 లక్షలు, అంతకు మించి నగదు వేస్తే బ్యాంకు, 30 లక్షలు, అంతకు పైబడిన స్థిరాస్తి రిజిస్ట్రేషన్ జరిగితే సబ్ రిజిస్ట్రారు ఆ వివరాలను శాఖకు పంపాల్సిందే. మామయ్య పేరు మీద రెండు సమాచారాలూ చేరాయి, రిటర్ను మాత్రం లేదు. ఈ మెట్టు దగ్గర ఆడిటరుతో పాటు పన్ను వ్యవహారాలు చూసే వకీలు సలహా కూడా తీసుకోవడం మంచిది.

ఇక 131 కింద సమన్లు, 133ఎ కింద సర్వే, 132 కింద సోదా, జరిమానా షోకాజ్, ప్రాసిక్యూషన్ నోటీసు, బ్యాంకు ఖాతా అటాచ్‌మెంటు, బినామీ చట్టం కింద వచ్చే కాగితం, వీటిలో ఏది వచ్చినా ఆ రోజే వకీలును కలవాలి.

అన్నిటికంటే ముందు ఆ నోటీసు అసలుదో కాదో చూసుకోవాలి. 2019 అక్టోబరు 1 నుంచి శాఖ పంపే ప్రతి కాగితం మీదా డాక్యుమెంట్ ఐడెంటిఫికేషన్ నంబరు, అంటే డిన్, ఉండాలి. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో లాగిన్ కాకుండానే ఆ నంబరు కొట్టి సరిచూసుకునే వీలుంది. లింకు నొక్కి డబ్బు కట్టమనే మెసేజ్‌లకు జవాబివ్వకండి.

ఆ ఒక్క లైనులో ఏముంది?

మళ్లీ మామయ్య దగ్గరికి వద్దాం. “20 లక్షలూ పొలం అమ్మిన డబ్బే” అన్న ఆ వాక్యం వినడానికి నిజాయతీగానే ఉంది. కానీ అది పూర్తి నిజం కాదు. 8 లక్షలు పంట డబ్బు. పైగా స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించిన సొమ్మును నగదుగా పుచ్చుకోవడాన్ని 269ఎస్ఎస్ నిషేధిస్తోంది. ఉల్లంఘిస్తే 271డి కింద పుచ్చుకున్న నగదుకు సమానమైన జరిమానా పడవచ్చు. 20 లక్షలూ పొలం డబ్బేనని రాయడంతో, ఆదాయం సంగతి తేలినా, 20 లక్షల జరిమానాకు దారి తెరిచినట్టయింది. పెనం మీద నుంచి పొయ్యిలో పడడమంటే ఇదే.

పోనీ అసలు జవాబే ఇవ్వకుండా ఊరుకుంటే? అధికారి తన దగ్గరున్న సమాచారంతోనే 144 కింద ఆర్డరు వేస్తారు. ఆ 20 లక్షలు ‘లెక్క చెప్పని సొమ్ము’గా లెక్కలోకి వెళ్తాయి. 2016 నోట్ల రద్దు తర్వాత చేసిన సవరణ ప్రకారం అలాంటి సొమ్ము మీద 60 శాతం పన్ను, దాని మీద 25 శాతం సర్‌ఛార్జి, 4 శాతం సెస్సు పడతాయి. అన్నీ కలిపితే 78 శాతం. అంటే 15 లక్షల 60 వేలు. వడ్డీ, జరిమానా వీటికి అదనం.

ఇప్పుడు అదే నోటీసును అనుభవమున్న పన్ను వకీలు చదివితే ఏం చేస్తారో చూడండి. ముందు తేదీలు చూస్తారు. 2024 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, బయటపడని ఆదాయం 50 లక్షల లోపైతే, అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన నాటి నుంచి 3 సంవత్సరాల 3 నెలలు దాటాక ఆ సంవత్సరాన్ని తిరిగి తెరిచే 148 నోటీసు ఇవ్వకూడదు. 50 లక్షలు, అంతకు మించితే 5 సంవత్సరాల 3 నెలలు. ఈ గడువు దాటిన నోటీసు చట్టం ముందు నిలవదు. పై అధికారి అనుమతి సరిగ్గా ఉందా, ఏ సమాచారం ఆధారంగా నోటీసు ఇచ్చారో దాన్ని జతపరిచారా అన్నవి ఆ తర్వాత చూస్తారు.

పొలం ఎక్కడుందని అడుగుతారు. గ్రామీణ వ్యవసాయ భూమి చట్టం దృష్టిలో ‘మూలధన ఆస్తి’ కాదు, దాన్ని అమ్మితే వచ్చే లాభానికి పన్ను లేదు. ఏది గ్రామీణమన్నది దూరం, జనాభా తేలుస్తాయి. పదివేలకు మించి లక్ష వరకు జనాభా ఉన్న మున్సిపాలిటీ హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్షకు మించి పది లక్షల వరకైతే 6, అంతకు మించితే 8 కిలోమీటర్లు దాటి ఉండాలి. ఈ దూరాన్ని రోడ్డు మీద కాకుండా ఆకాశమార్గాన కొలుస్తారు. కాబట్టి బస్సు టికెట్టు మీది దూరం పనికిరాదు. తహసీల్దారు ధ్రువపత్రం కావాలి. తెలంగాణలో పహాణీ, ఆంధ్రలో అడంగల్, 1బి, పట్టాదారు పాసుపుస్తకం కావాలి. సాగు నిజంగా జరిగిందని ఇవి చెబుతాయి.

తర్వాత 20 లక్షలను విడదీస్తారు. పంట డబ్బు 8 లక్షలకు మార్కెట్ యార్డు తక్‌పట్టీలు, పత్తి మిల్లు రసీదులు, పంట రుణం కాగితాలు ఉన్నాయా? బయానా 12 లక్షలకు అగ్రిమెంటు ఉందా? ఆ నగదు విషయంలో చట్టమే ఇచ్చిన రెండు రక్షణలున్నాయి. ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు ఇద్దరికీ వ్యవసాయ ఆదాయం ఉండి, ఇద్దరిలో ఎవరికీ పన్ను పడే ఆదాయం లేకపోతే 269ఎస్ఎస్ వర్తించదు. అది కుదరకపోతే, సహేతుకమైన కారణం చూపినవారికి జరిమానా వేయరాదని 273బి చెబుతోంది.

గమనించండి, ఇక్కడ వకీలు అబద్ధం ఏదీ చెప్పించలేదు. ఉన్న నిజాన్ని విడమరిచారు, ప్రతి ముక్కకూ ఒక కాగితాన్ని జతచేశారు, ఆ ముక్క ఏ సెక్షన్ కిందకు వస్తుందో చెప్పారు. నెట్ సెంటర్ లైనుకూ ఈ జవాబుకూ మధ్య ఉన్న తేడా కొన్ని లక్షల రూపాయలు, కొన్నేళ్ల నిద్ర.

ఫైలులోకి ఎక్కనిది పై కోర్టులో దొరకదు

“ఇప్పుడేదో ఒకటి రాసి పంపుదాం, పెద్దదైతే హైకోర్టులో పెద్ద లాయరును పెట్టుకుందాం” అనేవారు మనలో చాలామంది. పన్ను వివాదాల్లో ఇంతకంటే ఖరీదైన పొరపాటు లేదు. ఎందుకో తెలియాలంటే మెట్లు ఎలా ఉన్నాయో చూడాలి.

అసెస్‌మెంట్ ఆర్డరు నచ్చకపోతే మొదటి అప్పీలు కమిషనర్ (అప్పీల్స్) దగ్గర. ఆర్డరు, డిమాండు నోటీసు అందిన 30 రోజుల్లో ఫారం 35లో వేయాలి. ఫీజు గరిష్ఠంగా వెయ్యి రూపాయలు. కింద చూపని ఆధారాలను ఇక్కడ కొత్తగా చూపాలంటే రూలు 46ఎ ప్రకారం కారణం చెప్పి అనుమతి పొందాలి. “అప్పుడు అవకాశం ఇవ్వలేదు” అని చూపగలగాలి.

రెండో మెట్టు ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రైబ్యునల్, ఐటీఏటీ. 1941లో ఏర్పాటైన సంస్థ ఇది. మనకు హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ బెంచీలున్నాయి. 2024 అక్టోబరు 1 నుంచి, కమిషనర్ ఆర్డరు అందిన నెల చివరి నుంచి రెండు నెలల్లో ఇక్కడ అప్పీలు వేయాలి. ఫీజు గరిష్ఠంగా 10 వేలు. వాస్తవాలు తేల్చే చివరి మెట్టు ఇదే.

ఆ పైన హైకోర్టు. తెలంగాణకు హైదరాబాద్‌లో, ఆంధ్రప్రదేశ్‌కు 2019 జనవరి 1 నుంచి అమరావతిలో. గడువు 120 రోజులు. 260ఎ కింద హైకోర్టు విచారించేది ముఖ్యమైన న్యాయ ప్రశ్నను మాత్రమే. మీ పంట డబ్బు 8 లక్షలా 5 లక్షలా అన్నది అక్కడ సాధారణంగా ఎవరూ అడగరు. ట్రైబ్యునల్ ఏ వాస్తవం నమ్మిందో దాని మీదే వాదన నడుస్తుంది. విచారణకు అవకాశమే ఇవ్వకపోవడం, అధికార పరిధి లేకుండా నోటీసు ఇవ్వడం వంటి సందర్భాల్లో రిట్ పిటిషన్ వేసే మార్గం వేరుగా ఉంది. అయితే అది అన్నిటికీ తెరిచి ఉండే తలుపు కాదు.

అంటే పై మెట్టుకు వెళ్లే కొద్దీ కొత్త నిజాలు చెప్పే వీలు తగ్గుతూ పోతుంది. ఎంత గొప్ప వకీలైనా ఫైలులో లేని తక్‌పట్టీని హైకోర్టులో చూపలేరు. అందుకే వకీలు సలహా ఎక్కువ విలువ చేసేది మొట్టమొదటి జవాబు దగ్గర. ఆ ఒక్క జవాబుకు గంట సలహా తీసుకోవడానికయ్యే ఖర్చు, తర్వాత పది వాయిదాలకయ్యే ఖర్చుతో పోలిస్తే ఎంతో తక్కువ.

మామయ్య ఆ లైను ఇప్పటికే పంపేశారు కదా అంటారా? అసెస్‌మెంట్ ముగిసేలోగా వివరంగా మరో జవాబు ఇచ్చి, ముందు రాసింది అసంపూర్ణమని కారణంతో సహా చెప్పి, కాగితాలు జతచేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ ఆ దిద్దుబాటుకు బలం తగ్గుతుంది.

గడువు దాటిపోయినా ఆశ వదులుకోనక్కరలేదు. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం అప్పీలు అధికారులకు ఉంది. ఆలస్యం విషయంలో ఉదారంగా ఉండాలని, సాంకేతిక కారణంతో న్యాయాన్ని ఆపకూడదని 1987లో కాటిజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు ఎవరిదో ఈమెయిల్‌కు వెళ్లిందన్నది చెప్పదగ్గ కారణమే, దానికీ రుజువు కావాలి.

ఆడిటరా, వకీలా?

ఈ ప్రశ్నను పోటీగా చూడకూడదు. అధికారి ముందు, కమిషనర్ (అప్పీల్స్) ముందు, ట్రైబ్యునల్ ముందు మీ తరఫున హాజరయ్యే అర్హత 288 సెక్షన్ ప్రకారం వకీలుకూ చార్టర్డ్ అకౌంటెంటుకూ ఉంది, మీ బంధువుకు కూడా ఉంది. హైకోర్టు, సుప్రీంకోర్టుల్లో మీ తరఫున వాదించే పని వకీలుది.

లెక్కలు తేల్చడం, బ్యాంకు ఎంట్రీలకు మూలం చూపడం, రిటర్ను సవరించడం ఆడిటర్ బలం. ఆ పనిలో పాతికేళ్లు ఉన్నవారు ట్రైబ్యునల్‌లో అద్భుతంగా వాదిస్తారు కూడా. నోటీసు చెల్లుతుందా, సాక్ష్యం ఎలా ఇవ్వాలి, వాంగ్మూలంలో ఏం చెప్పాలి, ఒక చట్టం కింద చెప్పిన మాట మరో చట్టం కింద ఎలా తిరగబడుతుంది అన్నవి వకీలు బలం. భూమి హక్కు, వారసత్వం, బినామీ, క్రిమినల్ కేసు, వీటిలో ఏది కలిసినా వకీలు తప్పనిసరి. మంచి ఫలితాలు వచ్చే కేసుల్లో తరచు ఇద్దరూ కలిసే పనిచేస్తారు.

మరో పెద్ద తేడా గోప్యత. వకీలుకు వృత్తిరీత్యా మీరు చెప్పిన మాటను మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని భారతీయ సాక్ష్య అధినియమ్ 2023లోని 132వ సెక్షన్ చెబుతోంది. ముందు ముందు చేయబోయే అక్రమానికి సాయం కోరిన మాటకు ఆ రక్షణ ఉండదు. ఆడిటరుకు కూడా వృత్తి నియమావళి ప్రకారం గోప్యత పాటించే బాధ్యత ఉంది, కానీ సాక్ష్య చట్టం వకీలుకు ఇచ్చిన ఈ రక్షణ ఆయనకు లేదు. జరిగిన తప్పును దాచకుండా చెప్పుకుని సలహా అడగాల్సి వచ్చినప్పుడు ఈ తేడా చాలా ముఖ్యం.

ఇంకో సందర్భంలో తప్పకుండా కొత్త మనిషిని వెతుక్కోవాలి. రిటర్నులో తప్పు రాసినవారే నోటీసుకు జవాబు కూడా రాస్తుంటే, వారు కాపాడుకునేది మిమ్మల్నా, తమనా అన్న సందేహం వస్తుంది. “పెద్ద రీఫండు తెప్పిస్తాను, అందులో ఇంత శాతం ఇవ్వండి” అనే ఏజెంట్లను నమ్మి, కట్టని ఇంటి అద్దె, ఇవ్వని విరాళం చూపించుకున్న ఉద్యోగులకు ఇప్పుడు ఇదే అనుభవం. 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి బూటకపు మినహాయింపుల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు జరిపింది. అంతకు ముందు నాలుగు నెలల్లో సుమారు 40 వేల మంది తమంతట తామే రిటర్నులు సవరించి 1,045 కోట్ల రూపాయల తప్పుడు మినహాయింపులను వెనక్కి తీసుకున్నారని అప్పుడే ప్రకటించింది. సంతకం మీది, పాన్ మీది. ఏజెంటు చేశాడన్న మాట మిమ్మల్ని కాపాడదు. నోటీసు రాకముందే తప్పు తెలిస్తే అప్‌డేటెడ్ రిటర్ను వేసే మార్గం ఉంది. 2025 సవరణ ప్రకారం అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక 48 నెలల వరకు వేయవచ్చు. ఆలస్యాన్ని బట్టి 25 నుంచి 70 శాతం వరకు అదనపు పన్ను కట్టాలి. ముందు సలహా తీసుకుంటే ఆ శాతం తగ్గుతుంది.

మొదటిసారి కలిసినప్పుడు

పన్ను వకీలును బోర్డు చూసి, ప్రకటన చూసి ఎంచుకోలేం. వకీళ్లు ప్రకటనలు ఇచ్చుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు అనుమతించవు. “గ్యారంటీగా గెలిపిస్తాం” అంటూ ఎవరైనా ప్రచారం చేసుకుంటుంటే అదే మొదటి హెచ్చరిక. మీ ఆడిటరును అడగండి, ఇలాంటి కేసు నడిపినవారిని అడగండి. ట్రైబ్యునల్ తీర్పులు బహిరంగంగానే ఉంటాయి, అందులో ఎవరు వాదించారో పేరు ఉంటుంది. మీ సమస్య లాంటి తీర్పులు చదివి ఆ పేర్లు రాసుకోవడం మంచి దారి. బార్ కౌన్సిల్‌లో నమోదు నంబరు ఎంతని అడగడం మర్యాదకు భంగం కాదు.

వెళ్లేటప్పుడు నోటీసు, అది మీకు చేరిన తేదీకి రుజువు, ఆ సంవత్సరానికి ముందు వెనుకల మూడేళ్ల రిటర్నులు, ఉంటే ఫారం 26ఏఎస్, ఏఐఎస్, అన్ని బ్యాంకు ఖాతాల స్టేట్‌మెంట్లు, దస్తావేజులు, ఇప్పటికే పంపిన జవాబుల ప్రతులు తీసుకెళ్లండి. ఒక కాగితం మీద జరిగినదంతా తేదీల వారీగా తెలుగులోనే రాసుకోండి. ఇబ్బంది పెట్టే విషయం ముందు చెప్పండి. మామయ్య విషయంలో అది నగదు బయానా. దాన్ని దాచి సలహా అడిగితే, రోగం దాచి మందు అడిగినట్టే.

నాలుగు ప్రశ్నలు తప్పకుండా అడగండి. ఈ కాగితానికి చివరి తేదీ ఏది? ఇలాంటి కేసులు మీరు ఏ మెట్టు వరకు నడిపారు? నా కేసులో బలహీనత ఎక్కడుంది? జవాబు ఎవరు రాస్తారు, మీరా, మీ జూనియరా? మూడో ప్రశ్నకు “ఏమీ లేదు, మనదే గెలుపు” అన్న జవాబు వస్తే మరొకరిని కూడా కలిసి చూడండి.

ఫీజును మెట్ల వారీగా మాట్లాడుకోవాలి. నోటీసు జవాబుకు ఎంత, మొదటి అప్పీలుకు ఎంత, ట్రైబ్యునల్‌కు ఎంత, ప్రయాణం, టైపింగు, సర్టిఫైడ్ కాపీలు అందులో కలిసి ఉన్నాయా, సీనియర్ వకీలు కావాలంటే వేరుగా ఎంత అన్నది చిన్న ఉత్తరంగానో మెసేజ్‌గానో రాయించుకోండి, రసీదు తీసుకోండి. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు, గెలిచిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. “అధికారికి ఇవ్వాలి” అంటూ ఫీజుకు మించి డబ్బు అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. అది మిమ్మల్ని పన్ను కేసు నుంచి లంచం కేసులోకి లాగే దారి.

పోర్టల్ పాస్‌వర్డు ఎవరికిచ్చినా, అందులో ఈమెయిల్, ఫోను నంబరు మాత్రం మీవే ఉండాలి. పంపిన ప్రతి జవాబు, దాని రసీదు మీ దగ్గరా ఉండాలి. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టకండి. వకీలును మార్చుకునే హక్కు మీకు ఎప్పుడూ ఉంది. ఫీజు బాకీ ఉందని కేసు కాగితాలు ఆపుకునే హక్కు వకీలుకు లేదని 2000 సంవత్సరంలో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

డిమాండు నోటీసు వచ్చాక

ఆర్డరుతో పాటు 156 కింద డిమాండు వస్తుంది. 30 రోజుల్లో కట్టాలి. లేకపోతే నెలకు ఒక శాతం వడ్డీ. అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు. విడిగా స్టే కోరాలి. ఈ సంగతి తెలియక అప్పీలు వేసి నిశ్చింతగా ఉన్నవారి ఖాతాలు ఒక ఉదయం స్తంభించిపోతుంటాయి. 2017 జులై 31 నాటి కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఉత్తర్వు ప్రకారం మొదటి అప్పీలు తేలే వరకు సాధారణంగా వివాదంలో ఉన్న డిమాండులో 20 శాతం కడితే మిగతాది ఆపుతారు. మామయ్య 15 లక్షల 60 వేలలో అది 3 లక్షల 12 వేలు. అయితే 20 శాతం రాతిమీద గీత కాదు. అంతకంటే తక్కువకూ స్టే ఇవ్వవచ్చని 2018లో ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పొలం అమ్మేసి, చేతిలో చిల్లిగవ్వ లేని రైతు తన పరిస్థితిని కాగితాలతో చూపి అడగాలి.

సోదా, సర్వే జరిగినప్పుడు మరో రకం జాగ్రత్త కావాలి. సోదాలో ప్రమాణం చేయించి నమోదు చేసిన వాంగ్మూలం తర్వాత సాక్ష్యంగా పనికొస్తుంది. వకీలు పక్కన కూర్చునే అవకాశం దొరుకుతుందని అనుకోలేం. గుర్తులేనిది గుర్తులేదనే చెప్పండి, లెక్క చూసి చెబుతానన్నది కూడా జవాబే. అర్థంకాని భాషలో రాసిందైతే చదివి వివరించమని అడిగి, అర్థమయ్యాకే సంతకం పెట్టండి. సోదాలు, సర్వేల్లో ఒత్తిడి చేసి అదనపు ఆదాయం ఒప్పించవద్దని 2003 మార్చి 10న ఆ బోర్డే తన అధికారులకు చెప్పింది. అప్పుడు పెట్టిన సంతకాన్ని నెలల తర్వాత కాదనడం చాలా కష్టం. ఇబ్బంది ఉంటే మర్నాడే వకీలు ద్వారా రాతపూర్వకంగా చెప్పాలి.

వ్యాపారులకు, విదేశాల్లో ఉన్నవారికి

జీఎస్టీ కింద కథ ఇలాగే ఉన్నా గడువులు వేరు. షోకాజ్ నోటీసు డీఆర్‌సీ-01గా, ఆర్డరు డీఆర్‌సీ-07గా పోర్టల్‌లో ప్రత్యక్షమవుతాయి. దుకాణదారుడు పోర్టల్ తెరవడు, తెరిచే అకౌంటెంటు మారిపోయి ఉంటాడు. అప్పీలుకు మూడు నెలలు, కారణం చూపితే ఇంకో నెల మాత్రమే. వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం కట్టి అప్పీలు వేయాలి. అదనంగా ఇచ్చే ఆ నెల కూడా దాటితే అప్పీలు అధికారికి మన్నించే అధికారం లేదు. హైకోర్టు తలుపు తట్టాల్సిందే. నెలకోసారైనా పోర్టల్‌లో నోటీసుల పేజీ స్వయంగా తెరిచి చూసుకోవడం చిన్న వ్యాపారికి ఉత్తమ రక్షణ.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు రెండు దేశాల చట్టాలు వర్తిస్తాయి. హైదరాబాద్‌లో ఫ్లాటు అమ్మితే కొన్నవారు టీడీఎస్ కోయాలి. అసలు లాభం తక్కువైతే తక్కువ కోతకు ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. రిజిస్ట్రేషన్ అయిపోయాక దాన్ని తెచ్చుకునే వీలుండదు. ఇక్కడి బ్యాంకు ఖాతాల్లో అన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10 వేల డాలర్లు దాటితే అక్కడ ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక దాఖలు చేయాలి. ఏళ్ల తరబడి చేయలేదని ఇప్పుడు తెలిస్తే, ఫారాలు నింపే మనిషి కంటే ముందు పన్ను వకీలును కలవాలి. కావాలని చేసిందా, తెలియక జరిగిందా అన్న దాని మీదే జరిమానా ఆధారపడుతుంది కనుక మొదట రాసే వాక్యం అక్కడా అంతే ముఖ్యం.

ఇనప్పెట్టెలో కాగితాలు

మామయ్య ఇంట్లో మంచం కింద ఇనప్పెట్టె ఉంది. అందులో నూనె మరకలతో తక్‌పట్టీలున్నాయి, సొసైటీ రుణం రసీదులున్నాయి, బయానా రాసుకున్న స్టాంపు కాగితం ఉంది. ఆయన నిజాయతీకి సాక్ష్యమంతా ఆ పెట్టెలోనే ఉంది. కానీ అధికారి ముందున్న ఫైలులో ఉన్నది నెట్ సెంటర్ రాసిన ఒక్క లైను. న్యాయం ఫైలును చూసి జరుగుతుంది, పెట్టెను చూసి కాదు. పెట్టెలోని కాగితాన్ని గడువులోగా, సరైన మాటతో ఫైలులోకి చేర్చడమే పన్ను వకీలు చేసే పని.

ఈ సాయంత్రం ఒక పని చేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్ల పాన్‌లకు ఏ ఈమెయిల్, ఏ ఫోను నంబరు ముడిపడి ఉన్నాయో పోర్టల్‌లో చూడండి. ఎవరివో ఉంటే మార్చండి. తర్వాత ఆ ఇనప్పెట్టె తెరిచి, తడికి పాడవకముందే కాగితాలకు ఫోటోలు తీసి పెట్టండి. నోటీసు ఎప్పటికీ రాకపోవచ్చు. వస్తే మాత్రం, మొదటి జవాబు మీరు రాయించాల్సిన జవాబే అవుతుంది.